మూసలో కరగిన సిక్కాలు

కులచరిత్ర యనగానే మనవారు విశ్వకర్మ పంచముఖములతో నారంభింతురు. మను, మయ, త్వష్టృ, శిల్పి, విశ్వజ్ఞుల ప్రశంస ప్రతి వార్షిక సంచికయందును వచ్చుచునే యున్నది, రావలసినదే. మేమీ యేడు మహాజనుల యెదుట నుంచదలచిన వస్తువు మిక్కిలి చిన్నది. అది ఔసుల దుకాణపు పెట్టె యడుగున నొకటో రెండో దొరకునట్టి పాత రూపాయి. దానిని గుఱించి వ్రాయుటకు మనకంటె నధికారము గలవారు లేరు. దానిని నాశనము చేసిన దోషమునందును మనకంటె పెద్దపాలు గలవారు లేరు.

కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాల పెద్దలు లెక్క చెప్పునపుడు రెండు మాటలు తఱచుగా వాడెడివారు: హాలీ, కల్దారు. హాలీ యనగా నిప్పుడు చెల్లుచున్నది యని యర్థము. నిజాము ప్రభుత్వపు సిక్కాకు ఆ పేరు నిలిచెను. కల్దారు ఆంగ్ల ప్రభుత్వపు రూపాయి. కల్ అనగా యంత్రము. యంత్రముతో నచ్చొత్తబడినది కావున కల్దారైనది. హైదరాబాదు టంకశాలలో సుత్తిదెబ్బతో నాణెములు ముద్రించుచున్న కాలమున, అంచు చక్కగా తీర్చిన విలియము రాజు రూపాయి, విక్టోరియా రాణి రూపాయి వచ్చి చేతిలో పడగా మన పూర్వులకు మొదట కంటబడినది రాణి ముఖము కాదు, ఆ యంత్రపు పనితనము. పేరులోనే శిల్పి దృష్టి యున్నది.

ఈ రెండు నాణెములును మన ప్రాంతమున నేల కలిసెనో తెలియుటకు దేశపటము చూచిన చాలును. ఆదిలాబాదునకు ఉత్తరమున చాందా, పశ్చిమమున బేరారు. బేరారు 1853 నుండి ఆంగ్లేయుల పాలనలో నుండెను, చాందా మధ్యపరగణాలలోనిది. అచ్చట చెల్లునది కల్దారు. ప్రత్తి యటు పోయినను, పశువు లిటు వచ్చినను డబ్బు మాఱవలసినదే. 1929లో కాజీపేట నుండి బల్లార్షా వఱకు రైలుదారి పూర్తియైన పిదప పెద్దపల్లి, మంచిర్యాల, సిర్పూరు స్టేషనుల యందు కల్దారు మఱింత విరివిగా వచ్చెను. 1905 వఱకు ఎలగందుల పేరుతోనుండి, పిదప కరీంనగరు ముఖ్యపట్టణముగా నేర్పడిన జిల్లాలో హాలీదే రాజ్యము. కాని సొమ్ము దాచుకొనువాడు కల్దారునే కోరెడివాడు. ఏల కోరెడివాడో చెప్పవలసినవారము మనము.

కల్దారు తూకము 180 గ్రెయినులు, అనగా సరిగా నొక తులము. నేటి లెక్కను 11.66 గ్రాములు. అందులో పండ్రెండు పాళ్లకు పదునొకండు పాళ్లు వెండి. హాలీ రూపాయి తూకము 11.18 గ్రాములు, నూటికి సుమారు 82 పాళ్లు వెండి. లెక్కవేసి చూడుడు: కల్దారులో 10.69 గ్రాముల మేలిమి వెండి, హాలీలో 9.14 గ్రాములు. మొదటిదానిని రెండవదానిచే భాగించిన 1.17 వచ్చును. ప్రభుత్వము వారు వాడుకలో నుంచిన మారకము ఏడు హాలీలకు ఆఱు కల్దారులు. దానిని భాగించినను 1.17 యే. నూఱు కల్దారులకు నూటపదునాఱు హాలీ రూపాయలు, పది అణాలు, ఎనిమిది పైలు ఇయ్యవలెనన్న బడిపిల్లల లెక్క యీ వెండి లోనుండి పుట్టినదే. షరాబు బట్టా యెంత పట్టుకొన్నను, కచ్చేరీ యే హుకుము నిచ్చినను, చివరకు మాట చెల్లినది లోహమునకు. ఆ లోహము మాటను మొదట విన్నది మన కుంపటి. నూఱు హాలీలను పుటము పెట్టి శుద్ధి చేసినవానికి, నూఱు కల్దారులను శుద్ధి చేసినవానికంటె పదుమూడు తులముల వెండి తక్కువగా దొరకును. ఈ సంగతి ఏ గ్రంథమునను చదువకయే మన తాతలకు తెలియును. పల్లెలలో తులము రాయి లేని దుకాణమున కల్దారునే త్రాసులో వైచి తూచెడివారు. హాలీ నట్లు వైచినచో నర్ధమాషము తగ్గును, త్రాసునకు పనికిరాదు.

ఇట్టి నాణెములను రకమున కొకటి చొప్పున కూర్చి యొక పెట్టెలో నమర్చుట మేము కొన్ని సంవత్సరములుగా చేయుచున్న పని. ఏటికొకటి, టంకశాల కొకటి యని పోవువారు కలరు. అది ధనికుల వినోదము. రకమున కొకటి చాలునన్న నియమము పెట్టుకొన్నచో సామాన్యుడును పూర్తి చేయవచ్చును. చూచువానికి రాజ్యము మాఱిన తీరు, లోహము మాఱిన తీరు వరుసగా కనబడును. ఈ పని కేల పూనుకొంటిమో చెప్పక తప్పదు.

1980 సంవత్సరారంభమున వెండి ధర ప్రపంచమంతట నెన్నడు లేనంత పెరిగెను. మేమప్పుడు మా తండ్రిగారి యొద్ద పని నేర్చుకొనుచుండిన చిన్నవారము. మానేటి యొడ్డు పల్లె నుండి యొక ముసలమ్మ మనుమరాలి పెండ్లికి పట్టీలు చేయింప నొక రూపాయల దండ తెచ్చెను. ప్రతి రూపాయికిని పైన టంకముతో నతికిన చిన్న వలయము. అతికినది మన తాతయో, ఆయన తోడివాడో. మేము కత్తెరతో వలయములు కత్తిరించుచుండగా నొక హాలీ రూపాయి చేతికి వచ్చెను. చార్మినారు బొమ్మ, నడిమి ద్వారములో నొక యక్షరము. తక్కినవానిలో నా యక్షరము తోకతో నిండుగా నుండగా, దీనిలో తల మాత్రమే యుండి తోక లేకుండెను. వింతగా తోచి తండ్రిగారికి చూపితిమి. ఆయన కన్నెత్తి చూచి, "అక్షరము తూకమునకు రాదు నాయనా, వేయుము" అనిరి. వేసితిమి. పట్టీలు మంచివే యయ్యెను, ముసలమ్మ సంతోషించెను. ఎవరియందును తప్పు లేదు. కాని ఆ రూపాయి యేదో మాకు తెలిసినది పదునైదేండ్ల పిమ్మట.

మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1911 ఆగస్టున గద్దె నెక్కెను. ఆయన తండ్రి మహబూబ్ అలీ ఖాన్ కాలమున చార్మినారు రూపాయి ద్వారములో 'మీమ్' అను నక్షరముండెను. అది మహబూబు పేరిట మొదటి యక్షరము. కొమారుని కాలమున దానిస్థానమున 'ఐన్' వచ్చెను. మొదట చెక్కిన అచ్చులలో ఐన్ పొట్టిది, తల మాత్రమే. హిజ్రీ 1329, 1330 సంవత్సరముల నాణెములలోనే అది కనబడును. 1330 లోనే అచ్చు మార్చి, నిండు ఐన్ పెట్టిరి. అదే పిదప చాలకాలము నడచినది. ఆ ముసలమ్మ దండలో నుండినది పొట్టి ఐను రూపాయి. మా పెట్టెలో దాని యఱ యిప్పటికిని ఖాళీ.

పెట్టెలోని వరుస నిట్లు చెప్పవచ్చును. 1857 వఱకు హైదరాబాదు నాణెములపై ఢిల్లీ బాదుషా పేరే యుండెడిది. ఆ బాదుషా పదవి పోయిన పిదప అసఫ్ జా పేరు వచ్చెను. ఆ కాలపు హాలీ రూపాయి చేతిపని. అచ్చు పెద్దది, వెండిబిళ్ల చిన్నది. కావున వ్రాతలో సగము బిళ్ల వెలుపలనే పోవును. ఏలిక పేరిట మొదటి యక్షర మొకటి మూలలో నుండును. ఇట్టివి రెండు దొరికినవి. ఒకదానికి పక్కను గాటు కలదు. నాణెము లోపల సీసమో రాగియో యున్నదేమో చూచుటకు పెట్టిన పరీక్షపు గాటు అది. నాణెముల వ్యాపారి దానిని దోషమనును. మేము దానిని మన కులమువాని సంతకమందుము.

1895 ప్రాంతమున టంకశాలకు యంత్రములు వచ్చెను. అప్పటి రూపాయిని చర్ఖీ యనిరి; చర్ఖీ యనగా చక్రము. దీనిపై చార్మినారు లేదు, వ్రాత మాత్రమే. 1903 జూలైలో టంకశాల సైఫాబాదులోని క్రొత్త భవనమునకు మాఱెను. చార్మినారు బొమ్మతోనున్న మహబూబియా రూపాయలు వాడుకలోనికి వచ్చుటయు నప్పటి మాటయే. బొమ్మకు పైన 92 అను నంకె యుండును. పలువురు దానిని సంవత్సరమని భ్రమపడుదురు. అరబ్బీ లిపిలో నక్షరముల కంకెలు కలవు. ముహమ్మదు అను నామమందలి యక్షరముల నట్లు కూడిన తొంబదిరెండగును. వెనుక వైపున మూల్యము, ముద్రింపబడిన చోటు, ఏలుబడి యేడు. చోటు హైదరాబాదు; దాని బిరుదు ఫర్ఖుందా బునియాదు, శుభమైన పునాది గలదని యర్థము.

సంవత్సరము చదువుట కష్టమని మనవారు వెనుదీయుదురు. పది యంకెలు నేర్చుకొన్న చాలును. ఒకటి నిలువు గీత; ఏడు రెండు కొమ్మల పంగవలె పైకి తెఱచుకొనియుండును; ఎనిమిది దానిని తలక్రిందు చేసినట్లుండును; అయిదు చిన్న గుండె యాకారము; సున్న యొట్టి చుక్క. హిజ్రీ సంవత్సరమునుండి నూటికి మూడు చొప్పున తీసివైచి 622 కలిపిన క్రీస్తుశకము వచ్చును. 1330కి నలువది తీసి, 622 కలిపిన 1912. ఒకటి రెండేండ్ల తేడా వచ్చినను మన పనికి చాలును.

చిల్లర కథ రూపాయి కథకంటె రుచిగలది. రాగి పైలు, అర్ధణాలపై చార్మినారు గాక తుగ్రా యుండును. అది యేలిక పేరును అల్లిబిల్లిగా పెనవేసిన వ్రాత. మన కరీంనగరపు వెండితీగె పనివారు చూచినచో ముచ్చటపడుదురు. రెండు పైల నాణెమును డబ్బనిరి. తెలుగువా రందఱు సొమ్మును డబ్బనుట యీ చిన్న రాగిబిళ్ల జాతి పేరు పెట్టియే. హిజ్రీ 1338 నాటికి తెల్లలోహపు గుండ్రని అణా వచ్చెను. పిదప చతురస్రపు అణా. హిజ్రీ 1362లో, అనగా 1943లో, నడుమ రంధ్రముగల రెండు పైల నాణెము వచ్చినది. అదే 1943లో ఆంగ్ల ప్రభుత్వమును రంధ్రముగల పైసాను వెడలించెను. యుద్ధకాలమున రాగి మిగుల్చుటకు ఇరువురును చేసిన యుపాయ మొక్కటే. చిల్లికాణీ చేతిలో పెట్టుకొని హాలీదో కల్దారుదో తెలియక తడబడినవారు నాడెందఱో. మా పెట్టెలో రెండును ప్రక్కప్రక్కనే యున్నవి. చివరకు హిజ్రీ 1366, 1368ల నాటి రెండణాలు, నాలుగణాలు, ఎనిమిదణాలు నికెలువి. వానిని మన కుంపటి ముట్టలేదు. నికెలు కరగించుట మన పని కాదు, కరగించినను కొనువాడు లేడు. అందువలననే యవి నేటికిని గుప్పెడు గుప్పెడుగా దొరకును. దొరకునదేదో, దొరకనిదేదో కాలము నిర్ణయించినది కాదు, మనము నిర్ణయించినదే.

కల్దారు వరుస మన ప్రాంతపు దండలనుండియే చాలవఱకు కూర్చవచ్చును. 1835 నాటి విలియము రాజు. 1840 నాటి విక్టోరియా రెండు తీరులు, ఒకదానిలో పేరు తలచుట్టు నెడతెగక తిరుగును, ఒకదానిలో తలకిరుప్రక్కల చీలియుండును. 1862 నాటి కిరీటపు రాణి. 1877 నుండి చక్రవర్తిని యను బిరుదు. 1903 నుండి కిరీటము లేని ఎడ్వర్డు. అటుపిమ్మట 1911 నాటి అయిదవ జార్జి. ఆయన వస్త్రముపై చిన్న యేనుగును చెక్కిరి. తొండము పొట్టిదగుటచే జనులకది పందివలె కనబడి గగ్గోలు పుట్టెను. మరుసటి యేడు చెక్కడమును సవరించిరి. అచ్చు చెక్కువాని యులి వెంట్రుకవాసి తప్పిన సామ్రాజ్యమంతయు కలవరపడునని మన పనివారికి చెప్పనక్కఱలేదు. 1919 నాటి ఎనిమిదణాల నికెలుబిళ్లకు దొంగనాణెములు మితిమీఱగా దానిని వెనుకకు తీసికొనిరి. 1940 నుండి రూపాయిలో వెండి సగమే. దొంగతనము పట్టుటకు అంచున గాడి పెట్టిరి. 1947లో పులిబొమ్మ నికెలు రూపాయి. నూటపండ్రెండేండ్లలో తులము వెండి నికెలుగా మాఱిన చరిత్ర యీ వరుసలో నున్నది.

ఈ నాణెములు మిగిలిన చోటు ధనాగారములు కావు, స్త్రీల మెడలు. ఆదిలాబాదు గోండు స్త్రీలు, రెండు జిల్లాల లంబాడీ స్త్రీలు ధరించిన రూపాయల దండలలో విక్టోరియా రాణియు, చార్మినారును నొకే త్రాటిపై నుండును. హాలీ, కల్దారు బట్టా లెక్క లేకుండ నిలిచినది అచ్చటనే. వలయ మతికిన నాణెము విలువ తక్కువని నగరపు వ్యాపారులందురు. మేము వలయపు మచ్చ గల రూపాయలనే కోరి యేఱుకొంటిమి. మచ్చ తీసివేయుమని చెప్పిన మిత్రుని మాట వినలేదు. ఈ ప్రాంతపు రూపాయి యనుటకు ఆ మచ్చకంటె వేఱు సాక్ష్య మేది?

పనివారైన మన యువకులకు రెండు మాటలు. పాత నాణెము చేతికి రాగానే చింతపండుతో తోముట మన యభ్యాసము. తోమవలదు. నూఱేండ్లుగా పేరుకొన్న నల్లదనము పోయిన నాణెము తలగొరిగిన బాలునివలె నుండును. ఆ తలవెండ్రుకలు మొలచును, ఇవి మొలవవు. రెండవది, నకిలీలు. అచ్చొత్తినదానికిని పోతపోసినదానికిని భేదము మనకు తెలిసినట్లు ఎవరికిని తెలియదు: పోత నాణెముపై సన్నని గుంటలుండును, అంచున కలయిక గీత యుండును, రాతిపై వైచిన ధ్వని మందముగా నుండును. త్రాసును మీ చేతనే యున్నది. 11.18, 11.66 అను రెండంకెలు గుర్తుంచుకొన్న చాలును.

ఒకటి మాత్రము మా పెట్టెలో నుంచలేదు, ఉంచము. గోదావరి యొడ్డున కోటిలింగాలలో దొరికిన నాణెములు శాతవాహనుల తొలికాలమును, అంతకు పూర్వపు స్థానిక ప్రభువులను వెలికి తెచ్చెను. గోబద, నారన, కంవాయసిరి, సమగోప అను పేర్లు, శాతవాహన వంశపు మూలపురుషుడగు చిముకుని పేరు ఆ చిన్న బిళ్లలపైననే మనకు లభించినవి. పరబ్రహ్మశాస్త్రిగారు వానిని చదివి లోకమునకు తెలిపిరి. పెద్దబంకూరు త్రవ్వకములలో కుండలతో నాణెములు బయటపడినవి. ఇట్టివి పొలములో దొరికినప్పుడు రైతు మొట్టమొదట వచ్చునది మన దుకాణమునకే. 1878 నాటి నిధుల చట్టము ప్రకారము పది రూపాయలకు మించిన దొరకుబడిని కలెక్టరునకు తెలుపవలెను. 1972 నాటి చట్టము ప్రకారము నూఱేండ్లు దాటిన నాణెము పురావస్తువు. చట్టమునకు వెఱచి కాకపోయినను, ఒక రాజు పేరు మూసలో కరగినచో ఆ రాజు మఱల పుట్టడని యెఱిగి, అట్టి రైతును పురావస్తు శాఖవారి యొద్దకు పంపవలెను. ఆ శాఖవారు రైతునకు ముట్టవలసినది తొందరగా ముట్టజెప్పిన మనకీ మాట చెప్పుట మఱింత సులభమగును; అదియు నిజమే.

హాలీ కడపటి దినములు మా పెద్దలు బాగుగా నెఱుగుదురు. 1950 జనవరిలో సైఫాబాదు టంకశాల భారత ప్రభుత్వము క్రిందికి వచ్చెను. హాలీ 1959 వఱకు చెల్లెను. ఈ నడుమ 1957 ఏప్రిలు 1న నయాపైస వచ్చినది. రెండేండ్లపాటు సంతలో అణాల లెక్క, నయాపైసల లెక్క, హాలీ లెక్క మూడును నడచినవి. ఏడుకు ఆఱు చొప్పున హాలీ రూపాయికి ఎనుబదియైదు నయాపైసలును, పైన ఏడింట అయిదు పాళ్లును రావలెను. ఆ అయిదు పాళ్లు ఎవని సంచిలో పడెనో ఊహింపవచ్చును. చిల్లర గొడవ పడలేక జనులు హాలీలను మన దుకాణములకే తెచ్చిరి. ఆ రెండు మూడేండ్లలో మా యింటి కుంపటి రాత్రులు గూడ ఆఱలేదని మా నాయనమ్మ చెప్పెడిది. సైఫాబాదు పాత టంకశాలలో 2022లో తెఱచిన ప్రదర్శనశాలను చూడబోయినపుడు, అద్దము వెనుకనున్న నాణెములను చూచి మా కా కుంపటియే తలపునకు వచ్చెను.

2016లో రెండు జిల్లాలు ఎనిమిదైనవి. మహాసభకు జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్ల, మంచిర్యాల, నిర్మల, ఆసిఫాబాదుల నుండియు సోదరులు వచ్చుచున్నారు. మా పెట్టె సభాస్థలమున ప్రచురణ సంఘమువారి బల్లపై నుండును. ఎవరైనను చేతిలోనికి తీసికొని చూడవచ్చును. ఖాళీ యఱలు మూడు. ఒకటి చర్ఖీ అర్ధరూపాయి, ఒకటి 1911 ఏనుగు రూపాయి. మూడవది, తోక లేని ఐను రూపాయి. మీ దుకాణమునకు రూపాయల దండ వచ్చినపుడు వలయములు కత్తిరించుటకు ముందు చార్మినారు ద్వారములోనికి ఒక్కమాఱు తొంగిచూచి మాకు కబురు చేయుడు. దాని తూకపు వెండిని, పైన తగిన సొమ్మును అప్పటికప్పుడే యిచ్చి తీసికొందుము.